వంద అడుగులకొక దుకాణం

పుత్లీబౌలి నుంచి ఉస్మానియా దవాఖాన దాకా
ఎన్ని దుకాణాలున్నయో
అరవై తొమ్మిదేండ్లు ఈ ఊర్లెనే బతికినా
నాకెరుక లేకుండె.
ఇప్పుడెరుక.

మొదటిది ఇత్తడి బిందెలది.
ఆడికొచ్చేసరికి ఎడమ పిక్కల
ఎవరో తడిబట్ట పిండుతున్నట్టయితది.
నిలబడత.
బిందె మీద వేలితోని కొట్టి చప్పుడు ఇంట.
"ఎంతకిస్తవ్?" అంట.
నేను కొననని ఆయనకు తెల్సు.
అయినా ధర చెప్తడు,
నేను శానా ఎక్కువన్నట్టు తల అడ్డంగ ఊపుత.
అంతట్ల నొప్పి దిగుతది.
మల్ల నడుస్త.

రెండోది పెండ్లి కార్డులది.
మా ఇంట్ల పెండ్లి కావల్సినోళ్లు ఎవరూ లేరు.
ఎర్రకాయితం మీది బంగారు వినాయకుణ్ని
రెండు నిమిషాలు చూస్త.

మూడోది విగ్గులది.
ఆడ ఆగిననాడు అండాలు నవ్వింది,
"ఈ వయసుల జుట్టు మీద పడ్డదా నీ పానం?"
నవ్వనిచ్చిన.
కాలు మొరాయిస్తున్నదని చెప్పుడు కన్న
ముసలోడు సోకులకు పోయిండనుకునుడే నయం.

ముప్పై నాలుగేండ్లు జలమండలిల వాల్వు తిప్పిన.
రాత్రి మూడింటికి ఇనుప తాళంచెవి భుజానేసుకొని
గౌలిగూడకు నలభై నిమిషాలు,
జాంబాగుకు గంట,
ఎవలింట్ల పెండ్లున్నా, పీనుగున్నా ఇంకో పావుగంట.
రోడ్డు కింద గండిపేట నీళ్లు కదిలితే
నా చెప్పుల అడుగున తెలిసేది.
ఇప్పుడు చెప్పుకూ మోకాలికీ నడుమ
ఏం పారుతున్నదో, ఏం పారుతలేదో
నాకే తెలుస్తలేదు.

డాక్టరమ్మ తస్నీమ్ చల్లటి జెల్లు పూసి
పెన్ను లాంటిది ఒకటి పాదం మీద పెట్టింది.
పెట్టెల నుంచి చప్పుడు.
కుడికాలుది వానకాలం మోరీ.
ఎడమకాలుది
ఆఖరి గల్లీల, ఆఖరి ఇంటి నల్లా.

"తాతా, పైపుల తుప్పు పట్టిందనుకో," అన్నది.
నాకు పైపు సంగతి చెప్తున్నది!
పైపు పాడైతే తవ్వుతం బిడ్డా.
ఎర్రజెండ పాతి, బస్తీ తిట్లన్ని తిని,
కోసి, కొత్తది అతికి, మన్ను కప్పి పోతం.
పైపుకు భయం ఉండదు.
పైపు నడిజాముకు లేచి
పక్కన పండుకున్నామె ఊపిరి ఇనుకుంట కూసోదు.
ఇవేవీ అనలే.

"బీడీలు ఎన్నేండ్లు?"
"వాల్వుకాడ చలి ఉంటదమ్మా."
ఏమని రాసుకున్నదో, రాసుకున్నది.

కాలుకొచ్చింది కాలుతోనే ఆగదంట,
గుండెకు పోయే తొవ్వల కూడ ఉండొచ్చంట,
ఇంకో పరీక్షకు చీటి ఇచ్చింది.
"రోజూ నడువు. నొప్పొస్తే ఆగు. తగ్గినంక మల్ల నడువు.
మాత్రలతోని పాటు ఇదీ మందే."
ఇన్నొద్దులు దొంగతనంగ చేసిన పని
చీటి మీద మందయి కూసున్నది.

తిరిగొచ్చేటప్పుడు ఖలీల్ దుకాణం,
గడియారాలు బాగుచేస్తడు.
నన్ను చూడంగనే స్టూలు బయటికి జరుపుతడు.
నేను గోడ గడియారాలు చూస్తున్నట్టు,
ఆయన నన్ను చూడనట్టు,
యాడాది నుంచి గిట్లనే.
ఇయ్యాల నోరు తెరిచిన.
"ఖలీల్ భాయ్, కాలు నొస్తున్నది."

కంటి మీది భూతద్దం తీయలే.
అంగీ పై గుండీలు రెండు విప్పిండు.
రొమ్ము నడుమ పైనుంచి కిందికి ఒక గీత.
నాకు మస్తు ఎరికైన గీత,
తవ్వి, పూడ్చి, మన్ను సర్దిన గల్లీ.
"ఆ స్టూలు ఆరేండ్ల కింద నా కోసమే కొన్న," అన్నడు,
మల్ల పనిల పడ్డడు.

గోడకు పదకొండు గడియారాలు,
ఏ రెండూ ఒక్క టైము చెప్తలేవు.
నొప్పి ఎప్పుడో దిగింది.
ఇంకొంచెం సేపు కూసున్న.

ఇంటికి పోయినంక
అండాలుకు విగ్గు సంగతి చెప్పాలె.